లెక్కకు వాడ, మాటకు ఊరు
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు దళిత మగపిల్లలు, బడి, 'కౌన్సెలింగ్': ఒక విమర్శ

'కౌన్సెలింగ్' అనే మాట మన వాడల్లోకి ఇన్నాళ్లూ రెండు దారుల్లో వచ్చింది. ఒకటి పోలీస్ స్టేషన్ దారి. రౌడీషీటు తెరిచినవాళ్లను ఆదివారం పొద్దున స్టేషనుకు పిలిపించి, వరసగా నిలబెట్టి, ఇకమీదట బుద్ధిగా ఉండమని చెప్పి పంపడాన్ని మన పత్రికలు 'కౌన్సెలింగ్ ఇచ్చారు' అని రాస్తాయి. రెండోది సీట్ల దారి. ఒకప్పటి ఎంసెట్, 2021 నుంచి ఈఏపీసెట్, పాలిటెక్నిక్, ఇట్లాంటి పరీక్షల ర్యాంకులొచ్చాక ఎవరికి ఏ కాలేజీయో తేల్చే తతంగానికి కూడా కౌన్సెలింగ్ అనే పేరు. మొదటి దాంట్లో మాట్లాడేది పోలీసాయన. రెండో దాంట్లో మాట్లాడేది కంప్యూటరు. రెండింట్లోనూ పిల్లోడు నోరు తెరవడు. వాణ్ని కన్నవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉండరు.

ఇప్పుడు మూడో దారి తెరుచుకుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు చేరిన ఒక విద్యార్థిని మరణం మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉండాలంది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక కౌన్సెలర్నో, మనస్తత్వ నిపుణుణ్నో, సోషల్ వర్కర్నో పెట్టుకోవాలి. వందకు తక్కువున్న చోట బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. టెలి మానస్ లాంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించేటట్లు పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా మెలగడానికి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలి.

దీన్ని స్వాగతించాల్సిందే. మన పిల్లోళ్లకు మనసు అనేది ఒకటుంటుందని రాజ్యం ఒప్పుకోవడమే చిన్న విషయం కాదు. సంక్షేమ హాస్టల్లో సబ్బుకు, నూనెకు, మగపిల్లల క్షవరానికి కూడా లెక్క రాసి డబ్బులిచ్చే ప్రభుత్వం, ఆ తలకాయ లోపల ఏముందో అడగడానికి ఇన్నేళ్లు ఒక మనిషిని పెట్టలేదు. అయితే స్వాగతం చెప్పినంత మాత్రాన ప్రశ్న ఆగదు. వంద మందికీ, వెయ్యి మందికీ 'కనీసం ఒకరు' అనే మాటే వర్తిస్తుంది. తగిన నిష్పత్తి ఉండాలన్నారు గానీ అంకె చెప్పలేదు. పల్లెల్లో ఎన్నో బడులకు, చిన్న హాస్టళ్లకు వంద తలకాయలు చేరవు. అక్కడ కౌన్సెలర్ అనే మనిషికి బదులు గోడ మీద నంబరుంటుంది. 14416కు ఫోను చేయాలంటే పిల్లోడి చేతిలో ఫోనుండాలి, పక్కన ఎవరూ లేని చోటుండాలి, తన బాధకు సరిపడే మాట తన నోట ఉండాలి. హాస్టల్లో ఈ మూడూ ఒకేసారి ఎవరికి దొరుకుతాయి?

వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. బడికొచ్చే కౌన్సెలర్ ఎవరితో కలిసి పని చేస్తారు, ఎవరికి జవాబు చెబుతారు? 'సముదాయ భాగస్వామ్యం' అనే మాట ఈ ముప్పై ఏళ్లలో ప్రతి విద్యా పత్రంలోనూ వినబడింది. ఆ సముదాయం ఊరా, వాడా? ఊరైతే, దిద్దాల్సింది మన పిల్లోడి బుద్ధి ఒక్కటే అవుతుంది. వాడ కూడా అయితే, దిద్దాల్సినవాటిలో బడి కూడా చేరుతుంది. ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది ఇంతే.

మూడు స్టేషన్లు, ఒకే దారి

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. గుంతకల్లు నుంచి బెంగళూరుకు పోయే రైలు దారిలో ఈ మూడూ ఇదే వరసలో వస్తాయి. 2022 ఏప్రిల్ 4 దాకా అనంతపురం జిల్లాలో ఉన్నవి, ఆ రోజు నుంచి పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. పేరు మారింది గానీ వాన మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే సీమ ఇది. శెనక్కాయ పండితే పండినట్టు, లేకపోతే లేదు. సొంత భూమి లేనివాళ్లకు, ఉన్నా గుట్ట బోడులో ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లకు, ఆ రైలు దారే రెండో పంట.

ధర్మవరం పట్టుచీరకు దేశమంతా పేరుంది. పెనుకొండ 1565 తర్వాత విజయనగర రాజుల రాజధాని అని పాఠంలో ఉంటుంది. అదే పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. హిందూపురానికి చింతపండు, మిరప, బెల్లం, పట్టుగూళ్ల వ్యాపారం. తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు. బయటి నుంచి చూసేవాళ్లకు ఈ మూడూ ఎదుగుతున్న ఊర్లు. వాడలో నిలబడి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లోడి చుట్టూ పిలుపులే. బెంగళూరులో సెంట్రింగు పని, మార్బులు పని, హోటలు పని. ఇక్కడే మార్కెట్టులో మూటలు, మగ్గాల కాడ కూలి, ఫ్యాక్టరీ గేటు కాడ కాంట్రాక్టరు. పిల్లోణ్ని బడి ఏడాదికొకసారి పిలిస్తే, పని రోజూ పిలుస్తుంది.

మగపిల్లల గురించే ఎందుకు ప్రత్యేకంగా మాట్లాడాలి? పద్నాలుగు, పదిహేనేళ్లకు వాడి ఒళ్లు మగకూలి తెచ్చే ఒళ్లవుతుంది. ఆడకూలి కంటే మగకూలి ఎక్కువ కాబట్టి ఇంటి అప్పు వాడి భుజం మీదకే వస్తుంది. చట్టమూ ఆ వయసు కాడే చేయి వదిలేస్తుంది. బాలకార్మిక చట్టానికి 2016లో తెచ్చిన సవరణ పద్నాలుగు లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, బడి వేళలు పోగా ఇంటి పనిలో, ఇంటి వృత్తిలో సాయం చేయవచ్చని సందు పెట్టింది. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండని వాళ్లకు ప్రమాదకరమైన పనులు తప్ప మిగతావన్నీ తెరిచింది. విద్యాహక్కు చట్టం కూడా పద్నాలుగు దగ్గరే ఆగుతుంది. అంటే హక్కు ఆగే చోటా, కూలి మొదలయ్యే చోటా ఒకటే. మన పిల్లోడు నిలబడి ఉన్నది సరిగ్గా ఆ గీత మీద.

బడి కంటికి మన పిల్లోడు

ఆ గీత మీద నిలబడ్డ పిల్లోణ్ని బడి ఎట్లా చూస్తుంది? ముందు వాడి జుట్టు చూస్తుంది. చెవుల పైన గీసి, పైన పెంచిన 'స్టైల్ కటింగు' కనిపించగానే వాడు పోకిరీ అయిపోతాడు. తర్వాత వాడి మాట వింటుంది. 'యాడికి', 'ఎట్ల', 'సదువు' అంటే నవ్వుతుంది. పదో తరగతికి వచ్చేసరికి మార్కుల లెక్కలో విడదీసి 'డల్ బ్యాచి'లో కూర్చోబెడుతుంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరుచేయడం, నలుగురిలో సిగ్గుపరచడం మానుకోవాలని పైన చెప్పిన తీర్పే అంటున్నది. కానీ ఆ పని చేసేవాళ్లకు అది సిగ్గుపరచడమని తోచదు. బాగుచేయడమని తోస్తుంది. సమస్య అక్కడే ఉంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. తొమ్మిదో తరగతిలో ఉండగా బుడ్డలు పెరికే కాలంలో పది రోజులు బడికి పోలేదు. తిరిగిపోయిన రోజు మీ నాయన్ను పిల్చుకొని రమ్మన్నారు. మా నాయన వచ్చాడు. భుజం మీది టువాలు చేతిలోకి తీసుకొని ఆఫీసు గది బయట నిలబడ్డాడు. లోపల కుర్చీలున్నాయి, కూర్చోమన్నవాళ్లు లేరు. నీ కొడుక్కు క్రమశిక్షణ లేదన్నారు. అవును సార్ అన్నాడు. మీవాళ్లకు చదువు విలువ తెలీదన్నారు. దానికీ అవును సార్ అన్నాడు. దారిలో నన్ను ఒక దెబ్బ కొట్టి, తర్వాత ఇంటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఆ పది రోజులూ నేను పోయింది మా నాయన ముందే తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికని ఆ గదిలో ఎవరూ అడగలేదు, మేము చెప్పలేదు. అడిగి ఉంటే బహుశా పది నిమిషాల్లో తేలిపోయే విషయం.

దీన్ని ఒక చెడ్డ మాస్టరు కథగా చదవొద్దని మనవి. అక్కడ జరిగినదానికి ఈరోజు పేరు పెడితే, అది 'తల్లిదండ్రుల భాగస్వామ్యంతో కూడిన కౌన్సెలింగే'. బడి ఉంది, పిల్లోడున్నాడు, తండ్రి ఉన్నాడు, సలహా ఉంది. లేనిదల్లా వాడకు అడిగే హక్కు. ఆ హక్కు లేనిచోట ఎంత మంచి కౌన్సెలర్ను తెచ్చి కూర్చోబెట్టినా, మా నాయన చెప్పిన ఆ 'అవును సార్' అనే మాటనే మళ్లీ వింటారు.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మరణించినప్పుడు కూడా చర్చను మనసు వైపుకు, నిరాశ వైపుకు తిప్పాలని చూసినవాళ్లున్నారు. సస్పెన్షను, హాస్టలు నుంచి వెలి, ఆగిపోయిన ఫెలోషిప్పు, ఇవన్నీ పక్కకు పోయి ఒక యువకుడి మనస్థితి ముందుకొచ్చింది. మనసు గురించి మాట్లాడవద్దని నేననడం లేదు. మనసును కుంగదీసే చేతుల్ని వదిలిపెట్టి మనసు గురించే మాట్లాడడం కులానికి రక్షణ కవచమవుతుందని అంటున్నాను.

కమ్యూనిటీ అంటే?

మన ఆఫీసుల్లో 'కమ్యూనిటీ' అనే ఇంగ్లీషు మాటకు అర్థం కులం. 'మీదే కమ్యూనిటీ బాబూ' అని అడిగితే ఎవరూ సమాజం గురించి మాట్లాడరు. తహసీల్దారు ఇచ్చే కమ్యూనిటీ సర్టిఫికెట్టు కులపత్రమే. కానీ అదే మాట 'కమ్యూనిటీ పార్టిసిపేషన్' అయ్యి విద్యాశాఖ పత్రంలోకి పోగానే కులం మాయమవుతుంది. ఊరంతా ఒకటే అయిపోతుంది. ఒకే మాట పిల్లోడిని చేర్చుకునేటప్పుడు కులాన్ని అడుగుతుంది, నిర్ణయం చేసేటప్పుడు కులాన్ని దాచిపెడుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1998లో వచ్చిన పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్య చట్టం బడికో కమిటీ పెట్టింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఇంకొంచెం ముందుకు పోయింది. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, అణగారిన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల పిల్లల సంఖ్యకు తగిన చోటుండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని రాసింది. కాగితం మీద ఇంతకంటే మంచి మాట దొరకదు. మరి వాడ నుంచి కమిటీలోకి వచ్చిన ఆమె ఆ పూట కూలి మానుకొని వచ్చి, సంతకం పెట్టి, టీ తాగి పోవడమే ఎందుకు జరుగుతోంది? పొద్దున తాను కూలికి పోయే చేని యజమాని అదే కమిటీలో ఎదురుగా కూర్చుంటే ఆమె ఏం మాట్లాడుతుంది? భాగస్వామ్యం సమానుల మధ్య మాట. యజమానికీ కూలికీ మధ్య అది ఇంకో రోజు కూలి.

2025 జూలై 10న రాష్ట్రమంతటా బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగు జరిగింది. ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి వచ్చి కూర్చున్నది మన జిల్లాలోనే, కొత్తచెరువు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. ధర్మవరానికీ పుట్టపర్తికీ మధ్యనున్న ఊరది. ఒక సర్కారు బడికి అంత పెద్దవాళ్లు వచ్చి తల్లిదండ్రులతో కూర్చోవడం మంచిదే. ఆ పనిని తీసిపారేయను. కానీ ఆ రోజు గురువారం, పైగా ముంగారు విత్తనాల కాలం. కూలోళ్లకు ఏడాదిలో నాలుగు డబ్బులు కనిపించే రోజులు. సభ పెట్టేటప్పుడు ఆ క్యాలెండరు చూడాల్సిన అవసరం ఎవరికీ కలగకపోవడంలోనే, సముదాయమంటే ఎవరో తేలిపోయింది. వచ్చినవాళ్లను లెక్కపెట్టారు, ఫోటోలు తీశారు. రాలేనివాళ్లు ఎందుకు రాలేదని అడిగే గడి ఏ ఫారంలో ఉంటుంది? లెక్కకు వాడ కావాలి, మాటకు ఊరు చాలు అనే పాత పద్ధతే ఇది.

అమెరికా నుంచి ఏం తెచ్చుకోవాలి?

బడి కౌన్సెలర్ అనే ఉద్యోగం అమెరికాలో వందేళ్లకు పైబడిన సంగతి. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ మొదలుపెట్టిన వృత్తి మార్గదర్శన కేంద్రంతో దానికి బీజం పడింది. 250 మంది విద్యార్థులకు ఒకరుండాలని అక్కడి కౌన్సెలర్ల సంఘం చెబుతుంది. నల్లజాతి, లాటినో మగపిల్లల్ని బడి నుంచి సస్పెండ్ చేయడం, అక్కడి నుంచి వాళ్లు పోలీసుల చేతుల్లో పడడం పెద్ద చర్చ అయ్యాక, 2014 ఫిబ్రవరిలో ఒబామా 'మై బ్రదర్స్ కీపర్' అనే కార్యక్రమాన్ని ప్రకటించాడు. బడి కౌన్సెలర్లు నల్లవాళ్ల చర్చిలతో, మంగలి షాపులతో, కాలేజీలతో, పాత విద్యార్థులతో చేయి కలిపి ఆ పిల్లలకు తోడు నిలవాలనే ఆలోచన అక్కడ బలపడింది. మంగలి షాపు సంగతి గమనించండి. మన బడి జుట్టును శిక్షకు కారణంగా చూస్తుంది. వాళ్లలో కొందరు ఆ జుట్టు కత్తిరించే చోటికే పుస్తకం పట్టుకొని పోయారు.

కానీ ఆ నమూనాను ఉన్నదున్నట్టు దించుకోవడానికి లేదు. ఆ కార్యక్రమం మగపిల్లల్ని మాత్రమే చూసి ఆడపిల్లల్ని విడిచిందని 2014 జూన్‌లోనే వెయ్యి మందికి పైగా నల్లజాతి, ఇతర వర్ణాల స్త్రీలు బహిరంగ లేఖ రాశారు. వాళ్లన్న మాట మనకూ వర్తిస్తుంది. దళిత ఆడపిల్లకు చదువు సులువుగా దొరికిందని, ఇక మగపిల్లోడి వంతు అని ఎవరైనా అంటే అది అబద్ధం. అన్న బెంగళూరు పోతే చెల్లెలు ఇంట్లో వంటకు, చేలో కూలికి నిలిచిపోతుంది. కొడుకు బడిలో నిలవాలంటే, ఆ ఖర్చు కూతురి బడి నుంచి తీయకూడదు. మగపిల్లోడి కోసం పెట్టే ప్రతి మీటింగులో ఈ మాట మొదట ఉండాలి.

ఇంకొక సంగతి. అమెరికా నల్లవాళ్లు ప్రభుత్వం పిలిచేదాకా ఆగలేదు. 1969 జనవరిలో ఓక్లండ్‌లోని ఒక చర్చిలో బ్లాక్ పాంథర్లు బడి పిల్లలకు ఉచితంగా పొద్దుటి తిండి పెట్టడం మొదలుపెట్టారు. తిండి పెడుతూనే, ఈ పని ప్రభుత్వం ఎందుకు చేయడం లేదని అడిగారు. ఆ పాంథర్ల పేరు చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. సాయం, ప్రశ్న ఒకే చోట ఉండాలన్నదే అక్కడి నుంచి తెచ్చుకోవాల్సిన పాఠం.

మనకున్నదేమిటి?

ఆ మాటకొస్తే అంతకంటే ముందే మనకు మన నమూనా ఉంది. బహిష్కృత హితకారిణి సభను అంబేడ్కర్ 1924లో పెట్టాడు. ఆ సభ సోలాపూరులో 1925లో హాస్టలు తెరిచింది. బొంబాయిలో చదువుగది నడిపింది. యువకులు తాగుడు, జూదం వైపు పోకుండా మహర్ హాకీ క్లబ్బు కూడా నడిపింది. యువకుడికి అన్నం, పుస్తకం, ఆట, నలుగురి తోడు, ఇవన్నీ ఒక రాజకీయం కిందనే ఇవ్వాలని అంబేడ్కర్‌కు తెలుసు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ పాఠశాలలు నడిపింది కూడా ఈ దృష్టితోనే. వాడ తన పిల్లలకు తానే కౌన్సెలర్ కాగలదని వాళ్లు చూపించారు.

తెలుగు సాహిత్యంలో దీనికి ఎదురుగా ఇంకో ఊహ నడిచింది. బోయి భీమన్న 1940లలో రాసిన 'పాలేరు' నాటకంలో ఒక పాలేరు కుర్రవాడు ఉపాధ్యాయుని అండతో చదువుకొని పెద్ద అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి బడికి పోయినవాళ్లున్నారు. దాని మేలును కాదనలేం. కానీ ఆ ఊహలో మంచి పంతులు ఒకడు, తెలివైన పిల్లోడు ఒకడు ఉంటే చాలు. వాడ వెనక ఉండిపోతుంది. ఈరోజు మన గురుకులాల ప్రవేశ పరీక్ష, 'పేదింటి ఆణిముత్యం' అనే పత్రికా కథ, అన్నీ ఆ పాత ఊహకు పిల్లలే. ఏరుకున్న ఒక్కణ్ని చూపి, ఏరకుండా మిగిలిన తొంభై తొమ్మిది మందిని వాళ్ల తప్పుగా చెప్పే పద్ధతి ఇది.

ఇటీవలి కాలంలో మూడు ప్రయత్నాల్ని విమర్శగా చూడాలి. మొదటిది మన కళ్లముందున్నదే. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ దళిత వాడల్లోనే బడి వేళలకు ముందూ వెనకా అనుబంధ బడులు నడిపింది, ఊరి సంఘాల్ని కూర్చింది. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఆ సంస్థ ఆసుపత్రి ఎంత మందిని బతికించిందో చెప్పనక్కరలేదు. అనంతపురం సీమలో దళిత ఉద్యోగులెందరో ఆ సాయంత్రపు బడుల దీపం కింద చదివినవాళ్లే. నా విమర్శ ఒకటే. ఆ బడి సర్కారు బడి లోటును పూడ్చింది. పూడ్చడం వల్లనే సర్కారు బడిని నిలదీసే పని వెనకబడింది.

రెండోది, 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని. బడి బయటున్న ప్రతి పిల్లా పిల్లోడూ బాలకార్మికులే అని తేల్చి చెప్పి, ఊరి యువకుల్ని కూడగట్టి, యజమానులతో మాట్లాడి పిల్లల్ని బడికి తెచ్చారు. అక్కడ బలం యువకుల్లో ఉంది. కానీ బడిలో చేరాక తరగతి గదిలో కులం ఏం చేస్తుందనే ప్రశ్న చేరిక అంత గట్టిగా వినబడలేదు. మూడోది తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పాత విద్యార్థులు 'స్వేరోస్' పేరుతో కట్టుకున్న బంధం. 2014 మే 25న ఆ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిన రోజున మన వాడల్లో కూడా పిల్లోళ్లు తల ఎత్తి నడిచారు. అయితే 2012 నుంచి 2021 దాకా అక్కడ కార్యదర్శిగా ఉన్న ప్రవీణ్ కుమార్ అనే ఒక అధికారి చుట్టూ అల్లుకున్న బలం, ఆ అధికారి వెళ్లాక ఎవరిది అనే ప్రశ్న మిగిలింది. వాడ చేతిలో లేని బలం బదిలీ ఉత్తర్వుతో పోతుంది.

మన తప్పులు

బడిని విమర్శించినంత గట్టిగా వాడను కూడా విమర్శించకపోతే ఈ మాటలకు నిజాయితీ ఉండదు. వాడ అనగానే ఒక్క గొంతు కాదు. మాలలు, మాదిగలు ఒకే బడికి పిల్లల్ని పంపినా కమిటీలో ఎవరు కూర్చుంటారనే దగ్గర 1994లో మొదలైన దండోరా అడిగిన ప్రశ్న ఇప్పటికీ ఉంది. 2025లో రాష్ట్రం వర్గీకరణ చట్టం తెచ్చుకుంది. ఉద్యోగాల్లో, సీట్లలో ఒప్పుకున్న న్యాయాన్ని బడి కమిటీలో మనమే పాటించకపోతే ఎట్లా?

రెండోది మగతనం. కొట్టేవాడే మగోడు, తాగేవాడే మగోడు, బండి వేగంగా తోలేవాడే మగోడు అని పిల్లోడికి నేర్పుతున్నది బడి ఒక్కటే కాదు. సినిమా నేర్పుతోంది, ఎన్నికలప్పుడు జెండా ఇచ్చి బిర్యానీ పెట్టే నాయకుడు నేర్పుతున్నాడు, మనమూ నేర్పుతున్నాము. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, 1993లో సారా నిషేధం వచ్చింది. చదువు, వాడ, ప్రశ్న ఒక్కచోట కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు. పిల్లోళ్ల గురించి మాట్లాడే సభలో ఆ ఆడవాళ్లు ముందు వరసలో ఉండాలి.

మూడోది గుట్టు. వాడతో కలిసి పని చేయడమంటే పిల్లోడు కౌన్సెలర్‌కు చెప్పుకున్నదంతా వాడ పెద్దలకు చేరవేయడం కాదు. తండ్రి గురించి, ప్రేమ గురించి, భయం గురించి వాడు చెప్పిన మాట వాడిదే. పోలీసుకు, కులపెద్దకు, హెడ్‌మాస్టరుకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ప్రాణం మీదికొచ్చే ప్రమాదం ఉంటే తప్ప ఆ గీత దాటకూడదు. లేకపోతే స్టేషన్లో కౌన్సెలింగుకూ దీనికీ తేడా ఉండదు.

ఏం అడగాలి?

రాష్ట్రం కౌన్సెలర్లను పెట్టబోయేటప్పుడే వాడ తన మాట చెప్పాలి. పెట్టిన తర్వాత అడిగితే అది వినతిపత్రమవుతుంది. సోషల్ వర్కులో, మనస్తత్వశాస్త్రంలో పీజీలు చేసి ఖాళీగా ఉన్న దళిత యువతీ యువకులకు ఈ ఉద్యోగాల్లో రోస్టరు ప్రకారం చోటుండాలి. తండ్రి చేతిలోని టువాలును చూడగానే కుర్చీ చూపించాలని ఎవరూ నేర్పకుండానే తెలిసినవాళ్లు అక్కడ కూర్చోవాలి.

సభలు వాడలో పెట్టాలి. పొద్దుగూకినాక, కూలినుంచి వచ్చి ముఖం కడుక్కున్నాక, అంబేడ్కర్ బొమ్మ కాడనో, మారెమ్మ గుడి కాడనో, చర్చి ముందరనో పెట్టాలి. హెడ్‌మాస్టరు వాడకు రావాలి. పిల్లోడు వరసగా కొన్ని రోజులు రాకపోతే ఆ కబురు శిక్షగా కాకుండా ప్రశ్నగా, వాడ ఎంచుకున్న ఇద్దరికి ముందు చేరాలి. అందులో ఒకరు ఆడమనిషి, ఒకరు కాలేజీ చదివే యువకుడు కావాలి. మాల, మాదిగ గొంతులు రెండూ ఉండాలి. కియా, తూముకుంట ఫ్యాక్టరీలు, మగ్గాల యజమానులు బడికి బెంచీలు, బ్యాగులు ఇచ్చి భాగస్వాములు అనిపించుకోవడం తేలిక. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లోణ్ని బడి మాన్పించి మేము గానీ మా కాంట్రాక్టరు గానీ పనిలో పెట్టుకోమని రాసిస్తే, వాళ్లు నిజంగా భాగస్వాములు. కార్లు చేసే గేటు లోపలికి మన పిల్లోళ్లు ఇంజనీరు చొక్కాతో పోతున్నారా, క్యాంటీను చొక్కాతో పోతున్నారా అని ఏడాదికొకసారి వాడకు లెక్క చెప్పాలి.

చివరగా, కౌన్సెలర్ పుస్తకంలో రెండు గళ్లు ఉండాలి. ఒకటి పిల్లోడిలో రావలసిన మార్పుకు. రెండోది బడిలో రావలసిన మార్పుకు. మొదటి గడి గుట్టు, అది ఎవరికీ చూపకూడదు. రెండో గడిని మాత్రం పిల్లల పేర్లు లేకుండా, మూడు నెలలకొకసారి వాడలో గట్టిగా చదవాలి. ఇప్పటిదాకా మన బడి పుస్తకాల్లో మొదటి గడి ఒక్కటే ఉంది. రెండోది గీయించుకోవడమే మనం చేయాల్సిన పని.

మా నాయన ఇప్పుడు ఏ బడికీ పోనక్కరలేదు. కానీ ఈ ముంగారుకు ఎర్రమంచిలోనో, తూముకుంటలోనో, ధర్మవరం మగ్గాల పక్కనున్న వాడలోనో ఇంకో నాయనకు కబురొస్తుంది, మీ కొడుకు బడికి రాలేదని. ఆయన పోతాడు. ఆ గదిలో ఆయనతో బాటు వాడ నుంచి ఇంకో ఇద్దరు ఉండాలి. కూర్చోమని ఎవరూ అనకపోయినా వాళ్లు కూర్చోవాలి.